హోర్డింగ్ మీద పజిల్.. ఇరవై లైన్ల జవాబు

*ప్రధాన సంఖ్యల ప్రోగ్రామ్ అందరూ ల్యాబ్ రికార్డులో రాసిందే. అదే ప్రోగ్రామ్ ఇంటర్వ్యూలో ఎందుకు ముంచుతుంది? 2004లో గూగుల్ రోడ్డు పక్కన పెట్టిన ఒక చిన్న పజిల్‌లో దీనికి సమాధానం ఉంది.*

ఫైనలియర్‌లో నా మొదటి క్యాంపస్ ఇంటర్వ్యూ. ఆప్టిట్యూడ్ రౌండ్ దాటాను, గ్రూప్ డిస్కషన్ దాటాను. టెక్నికల్ రౌండ్‌లో మేడమ్ తెల్లకాగితం ముందుకు జరిపి, ‘ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చెప్పే ప్రోగ్రామ్ రాయండి’ అన్నారు. లోపల్లోపల ఎగిరి గంతేశాను. మొదటి సంవత్సరం సీ ల్యాబ్‌లో నాలుగో ప్రయోగం అది. కళ్లు మూసుకుని రాసేయొచ్చు. రాసేశాను కూడా. 2 నుంచి ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువ వరకు ఒక్కో అంకెతో భాగించి, శేషం సున్నా వస్తే కాదు, రాకపోతే అవును.

ఆవిడ చూసి, ‘బాగుంది. దీనికి పదంకెల సంఖ్య ఇస్తే?’ అన్నారు.

‘జవాబు వస్తుంది మేడమ్.’

‘ఎప్పటికి?’

నా దగ్గర జవాబు లేదు. ఆవిడే మళ్లీ, ‘అసలు మీరు డిక్లేర్ చేసిన ఇంట్‌లో పదంకెల సంఖ్య పడుతుందా?’ అని అడిగారు. దానికీ లేదు. సాయంత్రం లిస్టులో నా పేరూ లేదు.

హాస్టల్‌కి వచ్చి ముభావంగా కూర్చుంటే, పక్క రూములో ఉండే సీనియర్ అన్న ఓదార్చలేదు. ఒక పజిల్ చెప్పి, ‘ముందు ఇది చెయ్‌రా, తర్వాత ఏడుద్దువుగాని’ అని వెళ్లిపోయాడు. మూడు సాయంత్రాలు దానితోనే కూర్చున్నా. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నది, నాలుగేళ్ల ల్యాబుల్లో నేర్చుకున్న దానికంటే ఎక్కువే అనిపిస్తుంది. ప్లేస్‌మెంట్ సీజన్ దగ్గర పడుతోంది కాబట్టి ఆ పజిల్‌ని ఇవాళ మీతో కలిసి మళ్లీ చేస్తాను. లాప్‌టాప్ పక్కనుంటే మంచిది. లేకపోయినా పర్వాలేదు, పెన్నూ కాగితం చాలు.

పేరు లేని ప్రకటన

2004 జులైలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో, 101 నంబరు హైవే పక్కన ఒక హోర్డింగ్ వెలిసింది. కంపెనీ పేరు లేదు, లోగో లేదు, ఫోన్ నంబరు లేదు. తెల్లటి బోర్డు మీద ఒకే వాక్యం. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ‘ఇ అనే స్థిరాంకంలో వరుస అంకెల్లో దొరికే మొట్టమొదటి 10 అంకెల ప్రధాన సంఖ్య’, దాని పక్కన ‘డాట్ కామ్’. అంతే. అలాంటిదే ఇంకోటి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో, హార్వర్డ్ యూనివర్సిటీ దగ్గర కనిపించింది.

అంటే జవాబే వెబ్‌సైట్ చిరునామా. ఆ సంఖ్య కనుక్కుంటేనే తలుపు తెరుచుకుంటుంది. లోపల ఇంకో పజిల్ ఉండేది. అదీ దాటినవాళ్లకు చివరికి గూగుల్ ల్యాబ్స్ పేజీ కనిపించి, రెజ్యూమె పంపమని అడిగేది. ఆ హోర్డింగ్ పెట్టింది గూగుల్ అన్నమాట! ఆ కంపెనీకి ‘ఇ’ మీద కాస్త మోజు కూడా ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో షేర్ల అమ్మకానికి దరఖాస్తు చేసినప్పుడు, సేకరించబోయే మొత్తాన్ని 271,82,81,828 డాలర్లుగా చూపించింది. ఆ అంకెలు కూడా ‘ఇ’వే.

ముందు ప్రశ్న చదువుదాం

మనలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తాం. పజిల్ వినగానే కీబోర్డు మీద చేతులు పెడతాం. కాసేపు ఆగి, ప్రశ్నను ముక్కలుగా విడదీద్దాం. ఇందులో మూడు పనులున్నాయి.

ఒకటి, ‘ఇ’ అంకెలు కావాలి. ఎన్ని కావాలో ముందు తెలీదు.

రెండు, ఆ అంకెల మీద పది గదుల కిటికీని ఒక్కో అంకె చొప్పున జరుపుతూ పోవాలి. దీన్నే స్లైడింగ్ విండో అంటారు.

మూడు, కిటికీలో కనిపించే ప్రతి సంఖ్యా ప్రధాన సంఖ్యో కాదో చూడాలి.

నేను ల్యాబ్‌లో బట్టీ పట్టింది మూడోది మాత్రమే. అదీ సగమే.

‘ఇ’ అంటే ఏంటో ఇంటర్‌లో చదివి మర్చిపోయినవాళ్ల కోసం ఒక మాట. మీరు రూపాయి అప్పిచ్చారు, ఏడాదికి నూటికి నూరు వడ్డీ. ఏడాది చివర్లో ఒకేసారి లెక్కేస్తే 2 రూపాయలు. ఆరు నెలలకోసారి చక్రవడ్డీ కడితే 2.25. నెలనెలా కడితే 2.61. రోజూ కడితే 2.71. ఎంత తరచుగా కట్టినా ఒక గీత దాటదు. ఆ గీతే ‘ఇ’. 2.71828 అని మొదలై, అంతూ ఆవృత్తీ లేకుండా సాగుతుంది.

చిన్న పజిల్‌తో మొదలు

పదంకెలకు వెళ్లే ముందు నాలుగంకెలతో చేద్దాం. పెద్ద లెక్కను చేత్తో సరిచూడలేం, చిన్నదాన్ని చూడగలం. ‘ఇ’లో మొదటి అంకెలు ఇవి: 2 7 1 8 2 8 1 8 2 8 4 5 9 0 4 5 2 3.

కిటికీని జరుపుతూ వెళ్తే 2718, 7182, 1828.. మూడూ సరిసంఖ్యలే, పోయాయి. నాలుగోది 8281. చూడ్డానికి అచ్చం ప్రధాన సంఖ్యలా ఉంటుంది. కాదు, అది 91ని 91తో గుణిస్తే వచ్చేది. ఆ తర్వాత నాలుగు సరిసంఖ్యలు, తర్వాత 5తో ముగిసే 2845. పదోది 8459. ఇదీ మోసమే, 11ని 769తో గుణిస్తే వస్తుంది. 4590, 5904, 9045 కూడా పోతాయి. పద్నాలుగో కిటికీలో 0452. ఇక్కడ ఆగండి.

0452 నాలుగంకెల సంఖ్యేనా? కాదు, 452 మూడంకెల సంఖ్య. సున్నాతో మొదలయ్యే కిటికీని వదిలేయాలి. ప్రశ్నలో ఈ మాట ఎక్కడా రాయలేదు, కానీ ‘పది అంకెల సంఖ్య’ అనడంలోనే ఉంది. ఇంటర్వ్యూ ప్రశ్నల్లో ఇలాంటి షరతులు చాలావరకు ఇలా నక్కి ఉంటాయి.

పదిహేనో కిటికీలో 4523. దీన్ని 67 వరకు ఏ సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుంది. ఇదే ‘ఇ’లో మొదటి నాలుగంకెల ప్రధాన సంఖ్య. ఇక మన ప్రోగ్రామ్ రాశాక పెట్టాల్సిన మొదటి పరీక్ష ఏంటో తెలిసిపోయింది. నాలుగంకెలకు నడిపితే 4523 రావాలి.

907 ఎక్కణ్నుంచి వచ్చింది?

నా మొదటి ప్రోగ్రామ్ 4523 చెప్పలేదు. 907 చెప్పింది!

నాలుగంకెలు అడిగితే మూడంకెలు రావడమేంటని గంటసేపు తల పట్టుకున్నా. తర్వాత తెలిసింది, అందులో రెండు తప్పులు కలిసిపోయాయి. ఒకటి పైన చెప్పిన సున్నా. నా ప్రోగ్రామ్‌కి కిటికీలో 0907 కనిపించింది. ముందున్న సున్నా రాలిపోయి 907 అయింది. అది నిజంగానే ప్రధాన సంఖ్య.

కానీ పైన రాసిన అంకెల్లో 0907 ఎక్కడుంది? ఎక్కడా లేదు. అదే రెండో తప్పు. నేను ‘ఇ’ విలువను పైథాన్‌లో రెడీమేడ్‌గా దొరికే మ్యాథ్ మాడ్యూల్ నుంచి తీసుకుని, 50 దశాంశాలు ప్రింట్ చేయమన్నాను. అది మారు మాట్లాడకుండా 50 అంకెలూ ఇచ్చింది. అసలు విషయం ఏంటంటే, కంప్యూటర్ దశాంశ సంఖ్యను మామూలుగా 64 బిట్లలో దాచుకుంటుంది. అందులో నమ్మదగినవి 15, 16 అంకెలే. ‘ఇ’ విషయంలో 2.718281828459045 వరకు సరిగ్గా ఉంటుంది. ఆ తర్వాత రావాల్సింది 23536. కంప్యూటర్ చూపించింది 09079. అవి ‘ఇ’ అంకెలు కావు. 64 బిట్లలో ఇరికించడానికి చేసిన సర్దుబాటు తాలూకు చెత్త.

ఎర్రర్ రాలేదు, ప్రోగ్రామ్ ఆగిపోలేదు. చక్కగా నడిచి, తప్పు జవాబు ఇచ్చింది. ఉద్యోగంలో చేరాక నేను చూసిన చాలా బగ్గులు ఇలాంటివే. ఎర్రర్ వస్తే కనీసం తెలుస్తుంది. చేత్తో చేసిన 4523 నా దగ్గర లేకపోతే, 907ని పట్టుకోలేకపోయేవాణ్ని. పదంకెలకే నేరుగా దూకి ఉంటే, ఏదో ఒక తప్పు సంఖ్యను జవాబనుకుని పండగ చేసుకునేవాణ్ని.

మనమే అంకెలు తయారు చేద్దాం

అయితే వంద అంకెలు ఎలా? ఇంటర్ గణితంలోని శ్రేణి ఇక్కడ పనికొస్తుంది. 1 వేసుకుని, దానికి 1/1! కలిపి, 1/2! కలిపి, 1/3! కలిపి.. అలా పోతే ‘ఇ’ వస్తుంది. ఆశ్చర్యార్థకం గుర్తు ఫ్యాక్టోరియల్ అని మీకు తెలుసు.

దశాంశాలతో లెక్కిస్తే మళ్లీ పాత కథే. అందుకే దశాంశమే లేకుండా చేద్దాం. 1 బదులు 10 ఘాతం 150తో మొదలుపెడదాం. అంటే ఒకటి పక్కన 150 సున్నాలు. పైసల్లో లెక్కేసి చివర్లో రూపాయల్లోకి మార్చుకోవడం లాంటిదే ఇది. పైథాన్‌లో పూర్ణాంకాలకు సైజు పరిమితి లేదు, మెమరీ ఉన్నంత వరకు ఎంత పెద్దవైనా పడతాయి. జావాలో అయితే బిగ్ ఇంటిజర్ వాడుకోవచ్చు. వరస ఇదీ:

1. ‘పదం’ విలువ 10 ఘాతం 150. ‘మొత్తం’ విలువ కూడా అంతే. ‘ఎన్’ విలువ 1.

2. ‘పదం’ను ‘ఎన్’తో భాగించి, శేషం వదిలేసి, భాగఫలాన్నే కొత్త ‘పదం’గా ఉంచాలి.

3. దాన్ని ‘మొత్తం’కు కలపాలి. ‘ఎన్’ను ఒకటి పెంచాలి.

4. ‘పదం’ సున్నా అయ్యేదాకా 2, 3 మళ్లీ మళ్లీ చేయాలి.

97వ చుట్టులో ‘పదం’ సున్నా అవుతుంది. వంద చుట్లు కూడా పట్టలేదు! ‘మొత్తం’లో ఇప్పుడు 151 అంకెలుంటాయి. ప్రతి చుట్టులోనూ శేషం వదిలేశాం కాబట్టి చివరి రెండు మూడు అంకెలను నమ్మలేం. చివరి పది అంకెలను కోసి పారేస్తే మిగిలిన 141 అంకెలూ శుద్ధమైనవి. పదిహేడో అంకె నుంచి 23536 వస్తోందా? వస్తే బండి పట్టాల మీదున్నట్టే.

‘ఎప్పటికి?’ అన్న ప్రశ్నకు జవాబు

ఇక మూడో పని. నన్ను ముంచింది ఇదే కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం.

91 తీసుకోండి. దాన్ని 7, 13ల లబ్ధంగా రాయొచ్చు. ఏ సంఖ్యనైనా రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, ఆ రెండూ దాని వర్గమూలం కంటే పెద్దవి కాలేవు. రెండూ పెద్దవైతే లబ్ధం ఆ సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి ఒకటి కచ్చితంగా వర్గమూలానికి లోపు, లేదా సమానంగా ఉండాలి. వర్గమూలం వరకు భాజకం దొరకలేదంటే, ఇక ఎక్కడా దొరకదు. అక్కడితో ఆపేయొచ్చు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో చూడండి. పజిల్ జవాబు దాదాపు 742 కోట్ల 74 లక్షలు. కంప్యూటర్ సెకనుకు కోటి భాగహారాలు చేస్తుందనుకుందాం. నా పాత ప్రోగ్రామ్ పద్ధతిలో ఆ ఒక్క సంఖ్యను తేల్చడానికి 12 నిమిషాలు పైనే పడుతుంది. వర్గమూలం వరకే వెళ్తే 86,182 భాగహారాలు చాలు. అంటే సెకనులో నూరో వంతు కూడా కాదు. కంప్యూటర్ మారలేదు, లాంగ్వేజ్ మారలేదు. లూప్ ఎక్కడ ఆగాలన్న ఒక్క షరతు మారింది. మేడమ్ ‘ఎప్పటికి?’ అని అడిగింది ఈ ఒక్క షరతు గురించే.

ఇంకో రెండు జాగ్రత్తలు. మొదటిది, వర్గమూలం కోసం ప్రత్యేకంగా ఫంక్షన్ పిలవక్కర్లేదు. ‘భాజకాన్ని దానితోనే గుణిస్తే వచ్చేది సంఖ్య కంటే తక్కువ లేదా సమానం అయినంత వరకు’ అని షరతు పెడితే దశాంశాల గొడవే ఉండదు. ‘లేదా సమానం’ మర్చిపోతే 49 ప్రధాన సంఖ్య అని వస్తుంది, చూసుకోండి. రెండోది ఇంట్ సంగతి. సీ, జావాల్లో మనం మామూలుగా వాడే 32 బిట్ల ఇంట్‌లో పట్టే గరిష్ఠ విలువ 214,74,83,647. పజిల్ జవాబు దానికి మూడింతల పైనే. లాంగ్ లాంగ్, జావాలో అయితే లాంగ్, వాడాలి. ఆవిడ అడిగిన రెండో ప్రశ్నకు ఇదీ జవాబు. చాలా ఆలస్యంగా చెప్తున్నాను!

నూరో కిటికీ

మూడు ముక్కలూ కలిపితే ఇరవై లైన్లు. నాలుగంకెలకు నడిపితే 4523 వచ్చింది. 4 తీసేసి 10 పెట్టి ఎంటర్ నొక్కాను. ఊపిరి తీసుకునేలోపే స్క్రీన్ మీద 7427466391.

ముందున్న 2ను కూడా లెక్కలోకి తీసుకుంటే, ఇది సరిగ్గా నూరో కిటికీ. దశాంశ బిందువు తర్వాత 99వ స్థానం నుంచి 108వ స్థానం వరకు.

ఇక్కడో సరదా లెక్క ఉంది. 10 అంకెల సంఖ్యలు మొత్తం 900 కోట్లు. వాటిలో ప్రధాన సంఖ్యలు 40 కోట్ల 42 లక్షల పైచిలుకు. అంటే సగటున 22 సంఖ్యలకు ఒకటి. ఆ లెక్కన మొదటి పాతిక కిటికీల్లోనే దొరుకుతుందని ఆశపడొచ్చు. ‘ఇ’ మాత్రం 99 కిటికీలు ఖాళీగా పంపించి నూరోదాంట్లో ఇచ్చింది. రెడీమేడ్ విలువలోని 16 అంకెలతో సరిపెట్టుకునేవాళ్లు ఇక్కడికి రాలేరు.

సున్నా షరతు పెట్టకపోతే ఏమయ్యేదో కూడా చూశాను. ఈ దారిలో సున్నాతో మొదలయ్యే కిటికీలు ఐదు వస్తాయి. ఐదూ సరిసంఖ్యలో, 5తో ముగిసేవో. కాబట్టి ఆ షరతు మర్చిపోయినవాళ్లకు కూడా ఈసారి సరైన జవాబే వస్తుంది. ఇది అదృష్టం. ప్రోగ్రామ్ కరెక్ట్ అని కాదు. ఇంటర్వ్యూలో ‘జవాబు వచ్చింది కదండీ’ అనే ముందు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

తలుపు వెనక ఇంకో తలుపు

ఆ చిరునామాకు వెళ్లినవాళ్లకు కనిపించిన రెండో పజిల్ ఇది. నాలుగు సంఖ్యలిచ్చి ఐదోది అడిగారు. 7182818284, 8182845904, 8747135266, 7427466391.. తర్వాత?

నాలుగూ ‘ఇ’లోని పదంకెల ముక్కలే. నాలుగోది మన జవాబే. మిగతావి ప్రధాన సంఖ్యలేమో అనుకుంటే కాదు, మూడూ సరిసంఖ్యలు. మరి ఉమ్మడి లక్షణం ఏంటి? ఒక్కోదానిలో అంకెలు కూడండి. 7, 1, 8, 2, 8, 1, 8, 2, 8, 4 కలిపితే 49. మిగతా మూడింటిలోనూ 49 వస్తుంది. ‘ఇ’లో అంకెల మొత్తం 49 అయ్యే కిటికీలు వరసగా ఇవి. ఐదోది 127వ దశాంశ స్థానంలో మొదలయ్యే 5966290435.

మన ప్రోగ్రామ్‌లో ఎంత మార్చాలో చూడండి. అంకెల తయారీ అలాగే ఉంటుంది. కిటికీ అలాగే ఉంటుంది. ‘ప్రధాన సంఖ్యా?’ అనే పరీక్ష తీసేసి ‘అంకెల మొత్తం 49యా?’ అని పెడితే చాలు. మూడు పనులకు మూడు ఫంక్షన్లు రాసుకున్నవాళ్లకు రెండు నిమిషాల పని. అంతా కలిపి ఒకే లూప్‌లో కుక్కినవాళ్లు మళ్లీ మొదటినుంచి రాసుకోవాల్సిందే. ప్రోగ్రామ్‌ను ఫంక్షన్లుగా ఎందుకు విడదీయాలని సెకండియర్‌లో సర్ చెప్తే నాకు ఎక్కలేదు. 49 చెప్తే ఎక్కింది.

పజిల్ రాకపోతే ఉద్యోగం రాదా?

అలా అనుకోకండి. ఇదే గూగుల్‌లో నియామకాలు చూసిన లాజ్లో బాక్ 2013లో ఒక ఇంటర్వ్యూలో, బుర్రకు పదును పెట్టే చిక్కుప్రశ్నలు నియామకాల్లో పనికిరావని, వాటివల్ల ఎవరు బాగా పనిచేస్తారో తెలియదని తేల్చేశారు. ‘విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి’ లాంటి ప్రశ్నల గురించి ఆయన అన్న మాట అది. అందుకే పజిళ్ల జవాబులు బట్టీ పట్టడం వృథా. 7427466391 గుర్తుపెట్టుకుంటే మీకు ఒరిగేదేమీ లేదు.

పనికొచ్చేది జవాబు దాకా నడిచిన దారి. ప్రశ్నను ముక్కలు చేయడం, చిన్నదానితో సరిచూడడం, యంత్రం పరిమితి తెలుసుకోవడం, ఎంత సమయం పడుతుందో ముందే అంచనా వేయడం. ఇవాళ ఈ ఇరవై లైన్లను ఏఐ టూల్‌ని అడిగితే క్షణంలో రాసిస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు అది తెలుసు. అందుకే వాళ్లు కోడ్ దగ్గర ఆగరు. ‘అంకెలు ఇంకా పెద్దవైతే? సున్నాతో మొదలైతే? ఇది కరెక్టని ఎలా నమ్మాలి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నలు మీకు మీరే ముందు వేసుకుని ఉంటే భయం ఉండదు.

పదంకెలకు మన పద్ధతి సరిపోయింది. ఆన్‌లైన్ లావాదేవీలను కాపాడే ఆర్ఎస్ఏ పద్ధతిలో వందల అంకెల ప్రధాన సంఖ్యలు వాడతారు. అక్కడ వర్గమూలం వరకు వెళ్లడం కూడా కుదరని పని. వాటికి వేరే పరీక్షలున్నాయి. ఈ దారిలో మనవాళ్ల ముద్ర కూడా ఉంది. 2002లో ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ పూర్తిచేసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలతో కలిసి, సంఖ్య ఎంత పెద్దదైనా ప్రధానమో కాదో బహుపది సమయంలో కచ్చితంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఏకేఎస్ పరీక్ష అంటారు. 2006లో వాళ్లకు గోడెల్ బహుమతి వచ్చింది. బీటెక్ అయిపోగానే! ప్రధాన సంఖ్యలు ల్యాబ్ రికార్డుతో అయిపోయే చాప్టర్ కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ వారం ఇలా చేయండి

* పైన చెప్పిన ప్రోగ్రామ్‌ను మీకొచ్చిన లాంగ్వేజ్‌లో సొంతంగా రాయండి. 0, 1, 2, 9, 49, 8281 ఇచ్చి పరీక్షించండి. వీటిలో 2 ఒక్కటే ప్రధాన సంఖ్య అని రావాలి.

* ‘ఇ’ బదులు పై అంకెల్లో మొదటి 10 అంకెల ప్రధాన సంఖ్య వెతకండి. ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు, మొదటి ఐదు కిటికీల్లోనే దొరుకుతుంది. చేత్తోనూ సరిచూడండి.

* ప్రాజెక్ట్ ఆయిలర్ సైట్‌లో 3, 7, 10 నంబర్ల ప్రశ్నలు ప్రధాన సంఖ్యల మీదే. ఉచితంగా చేయొచ్చు. పదో ప్రశ్నకు వెళ్లే ముందు ‘ఎరటోస్తనీస్ జల్లెడ’ గురించి చదవండి, లేకపోతే చాలాసేపు ఎదురుచూడాల్సి వస్తుంది.

* ప్రతి ప్రోగ్రామ్ కింద మూడు లైన్లు రాసుకోండి. ఇది ఎక్కడ విఫలమవుతుంది, ఎంత సమయం పడుతుంది, కరెక్టని ఎలా తెలిసింది. ఇంటర్వ్యూకి ముందురోజు చదవాల్సిన నోట్సు ఇదే.

* కోడ్ రాస్తూ పైకి మాట్లాడటం అలవాటు చేసుకోండి. రూమ్మేట్‌కి చెప్పండి. తెలుగులో చెప్పినా పర్వాలేదు, తెలుగులో స్పష్టంగా ఉన్నది ఇంగ్లిష్‌లోకి వచ్చేస్తుంది.

ఆ తర్వాత నెలన్నరకు నాకు ఇంకో ఇంటర్వ్యూ వచ్చింది. ప్రధాన సంఖ్యలు అడగలేదు. ఒక జాబితాలో రెండుసార్లు వచ్చిన పేర్లు పట్టుకోమన్నారు. పెన్ను తీసే ముందు, ‘సర్, జాబితాలో ఎన్ని పేర్లుంటాయి? పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరేగా చూడాలా?’ అని అడిగాను. ఆయన కుర్చీలో కొంచెం ముందుకు జరిగారు. నేను రాసిన కోడ్‌లో ఒక సెమీకోలన్ తప్పిపోయిందట, తర్వాత చెప్పారు. ఆఫర్ లెటర్ మాత్రం ఇచ్చారు.